మర్యాద అక్షరం

బడులకు సెలవులిచ్చిన దగ్గర్నుంచి మళ్లీ బడులు తెరిచేదాకా, ఆ ఎండాకాలమంతా మా ఇంటి ముందుగదిలో రెండు యంత్రాలు పక్కపక్కన నడిచాయి. ఒకటి మా కోడలి కుట్టుమిషను. రెండోది మా వాడి ఉత్తుత్తి కారు. మిషను మీద పిల్లల యూనిఫారాలు తయారయ్యేవి. కారు మీద తలనొప్పి తప్ప ఏదీ తయారు కాలేదని మా కోడలు అనేది.

మా వాడంటే నా కొడుకు. సిటీ బస్సు డ్రైవరు. డిపోలో వాణ్ణి అందరూ మెత్తబ్రేకు అంటారు. నిలబడ్డ మనిషి చేతిలో టీ గ్లాసు ఉన్నా తొణక్కుండా బస్సు ఆపుతాడని ఆ పేరు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి వాడి రికార్డు మీద చిన్న గీత కూడా పడలేదు. అలాంటివాణ్ణి ఆ ఎండాకాలం మొదట్లోనే సీట్లోంచి దింపి ఇంట్లో కూచోబెట్టారు.

జరిగింది ఇదీ. రోడ్డు తవ్విపోసిన చోట ఒక్క బండి మాత్రమే పట్టే సందు మిగిలింది. ఇటు చివర మా వాడి బస్సు, అటు చివర నీళ్ల క్యాన్ల వ్యాను. మా వాడు ఎప్పటిలాగే ‘నువ్వు ముందు రా’ అని లైటు కొట్టి ఆగాడు. వ్యాను కదల్లేదు. వీడు చూసి చూసి, ఇక రాడులే అని బస్సు కదిపాడు. సరిగ్గా అప్పుడే అతనూ కదిపాడు. మధ్యలో రెండూ రాసుకున్నాయి. క్యాన్లు రోడ్డంతా దొర్లాయి. బస్సులో నిలబడ్డ ఒకావిడ మూతి కడ్డీకి కొట్టుకుని ముందు పన్ను విరిగింది. ప్రాణాలకు ఏమీ కాలేదు గానీ, విచారణ తేలేదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నారు.

"దారిచ్చానమ్మా. దారిచ్చాక రావాలా వద్దా?" అని పళ్లు తోముకుంటూ అనేవాడు. కంచం ముందు కూచుని అనేవాడు. ఎవరూ దొరక్కపోతే గోడతో అనేవాడు.

రోజంతా బండి నడిపిన మనిషిని ఇంట్లో కట్టిపడేస్తే ఎలా ఉంటుందో నాకు ఆ వారమే తెలిసింది. గిన్నెలన్నీ సర్దాడు. సర్దినవి మళ్లీ సర్దాడు. కోడలు మిషను తొక్కుతుంటే వెనకాల నిలబడి, "ఆ మలుపు దగ్గర కాస్త నెమ్మది" అన్నాడు. కాలరు తిప్పుతున్న మనిషికి అలా చెబితే ఒళ్లు మండదా? కోడలు కత్తెర బల్ల మీద పెట్టి, "అత్తయ్యా, ఈయన్ని ఎక్కడికైనా తీసుకుపొండి. లేకపోతే ఈ కాలరుకి ఈయన్నే కుట్టేస్తాను" అంది.

టీవీలు బాగుచేసే కొట్టులో పనిచేసే మా మనవరాలు అప్పుడే ఆ స్టీరింగు తెచ్చింది. ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి తిరిగి రాలేదట. కింద బ్రేకు, యాక్సిలరేటరు కూడా ఉన్నాయి. టీవీకి తగిలిస్తే తెర మీద రోడ్డు వస్తుంది. ఎక్కడెక్కడి మనుషులో ఎవరిళ్లలో వాళ్లు కూచుని ఆ రోడ్డు మీద పందెం వేసుకుంటారు.

"నాన్నా, కాళ్లూ చేతులూ ఊరికే ఉంటే నీకు పిచ్చెక్కుతుంది. ఇది తిప్పుకో" అంది.

"పందేలా? నేనా?" అన్నాడు మా వాడు, పేకాటకి రమ్మన్నట్టు ముఖం పెట్టి.

"వేగం ఒక్కటే కాదు నాన్నా. ఇందులో ప్రతి మనిషికీ రెండు గుర్తులుంటాయి. ఎంత నేర్పుగా, ఎంత వేగంగా నడుపుతావో దానికి అంకె. ఎంత పద్ధతిగా నడుపుతావో దానికి ఇంగ్లీషు అక్షరం. ఎవరినీ గుద్దకుండా, ఎవరికీ అడ్డం పోకుండా నడిపితే అక్షరం పైకి పోతుంది. గుద్దితే కిందికి వస్తుంది. అన్నిటికన్నా పైన ఎ, అట్టడుగున ఇ. ఒకే స్థాయి వాళ్లందర్నీ ఒకచోట వదులుతారు."

మా వాడు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "అయితే మర్యాదకి కూడా మార్కులున్నాయన్నమాట."

అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు మర్యాద అక్షరం. ఆటలో వాడి పేరు మెత్తబ్రేకు అనే పెట్టింది మనవరాలు.

మొదటి రోజుల్లో చూడాలి వాడి పందెం! బయల్దేరే ముందు అద్దం చూసుకునేవాడు. మలుపు అల్లంత దూరాన ఉండగానే కాలు బ్రేకు మీదికి పోయేది.

"నాన్నా, అక్కడ స్టాపు లేదు. ఎవరూ ఎక్కరు, పోనియ్" అని మనవరాలు నెత్తి కొట్టుకునేది.

"ఎక్కకపోతే ఏం, పక్కన మనుషులున్నారు కదా."

"వాళ్లు బొమ్మలు నాన్నా!"

"బొమ్మలైతే మాత్రం భయముండదా?" అనేవాడు. ముందు బండి మలుపులో తడబడుతుంటే, ‘నువ్వు కానీ, నేను ఆగుతాలే’ అని లైటు కొట్టి కాలు తీసేవాడు. ఆ లైటు మీట ఎక్కడుందో మొదటి రోజే వెతికి పట్టుకున్నాడు. హారను లేదని మాత్రం చాలా బాధపడ్డాడు.

అందరికన్నా వెనక పోయేవాణ్ణి ఎవరు గుద్దుతారు? అక్షరం చకచకా ఎక్కింది. అది ఎ అయిన రోజు, యూనిఫారం కొలతలకు పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులందరికీ చూపించాడు. "చూడండమ్మా, మా అమ్మాయిది కాదు, నాదే. ఎ." వాళ్లు పాపం ఏమనుకున్నారో, పిల్లలు పరీక్ష పాసైతే అన్నట్టు "చాలా సంతోషమండీ" అన్నారు. ఒకావిడ మాత్రం "బస్సు ఎప్పుడు ఎక్కుతారండీ?" అని అడిగింది. మా వాడి ముఖం మాడిపోయింది. కోడలు టేపు ఆవిడ నడుముకి చుట్టబోయి, కొలవాల్సింది పిల్లాణ్ణని గుర్తొచ్చి మానుకుంది.

కష్టం ఆ తర్వాత మొదలైంది. నడపగా నడపగా చెయ్యి తిరిగింది. వాడి అంకె పెరిగింది. అంకె పెరిగేసరికి దూకుడుగా పోయేవాళ్ల మధ్య పడ్డాడు. మలుపు మలుపుకీ ఇటొకడు, అటొకడు, ముందొకడు. ముందు పోయేవాడికి వీడు లైటు కొట్టి ఆగబోతాడు. ఆ ముందువాడు ఉన్నట్టుండి బ్రేకు తొక్కుతాడు, లేదా అడ్డంగా తిప్పుతాడు. టపీమని తగిలేది. వెంటనే తెర మీద ఎర్ర గుర్తు. వీడికీ కోత, వాడికీ కోత.

"ఇదేం న్యాయమే? ఆగబోయినవాడికి కూడా కోతేనా?" అని కూతురి మీద ఒంటికాలి మీద లేచేవాడు.

"ఎవరిది తప్పో యంత్రానికి తెలియదు నాన్నా. తగిలితే ఇద్దరికీ కోసేస్తుంది. ఇందులో అంతే."

"తెలియనప్పుడు ఊరుకోవాలి. తీర్పెందుకు చెప్పడం?"

ఎ పోయి బి వచ్చింది. బి కూడా నిలవలేదు. సి రోజున మా వాడు భోజనానికి లేవలేదు. ఫిర్యాదులు పెట్టించేవాడు. వాడు చెబుతుంటే మనవరాలు టైపు కొట్టాలి. "‘అయ్యా, నేను ఎంతో గౌరవంగా దారివ్వగా’ అని రాయి." "నాన్నా, అంత కథ అక్కర్లేదు. ఎన్నో మలుపో చెప్తే చాలు." "గౌరవంగా అన్నది రాయి!" ఎంత గౌరవంగా రాసినా ఒకటే జవాబు. ఇద్దరూ జాగ్రత్తగా నడపండి.

అందరిలోకీ ఒక బండి మా వాడికి కంటిలో నలుసైంది. పసుపూ నలుపూ చారలది. దాని పేరే కందిరీగ. ఏ పూట కూచున్నా అదే తగులుకునేది. వీడు వెనక ఉన్నాడంటే చాలు, నడిరోడ్డు మీద బ్రేకు తొక్కేది.

"కావాలనే చేస్తున్నాడమ్మా. నేను దారిస్తుంటే, ఆ మర్యాదనే అలుసు తీసుకుంటున్నాడు. ఆ క్యాన్లవాడూ ఇలాంటివాడే."

అప్పటికి వాడి నోట ఏ తగువైనా తిరిగి తిరిగి ఆ వ్యాను దగ్గరే ఆగేది.

విచారణ తేదీ దగ్గరపడుతుంటే యూనియన్ సెక్రటరీ వచ్చాడు. మంచివాడే. వస్తూనే యూనిఫారాల గుట్ట మీద కూచోబోయి కోడలి చేత చీవాట్లు తిని, నా పక్కకొచ్చి కూచున్నాడు.

"చూడు మెత్తబ్రేకూ, ఒకటే మాట. ‘లైటు కొట్టి దారిచ్చాను. ఆ సంజ్ఞ ప్రతి డ్రైవరుకీ తెలుసు. అతను మొండికేసి, తర్వాత మీదికొచ్చాడు.’ ఇంతే. ఇంతకుమించి ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడావా, నీ సీటు గోవిందా."

"ఉన్నదే అది కదా అన్నా."

"ఉన్నదే. ఉన్నదాన్ని పొడిగించకు అంటున్నాను. పెద్దమ్మా, మీవాడికి కాస్త చెప్పు. నిజాయితీ వీడి నాలుక మీద దురద."

"చిన్నప్పట్నుంచీ ఉంది నాయనా, మందు దొరకలేదు" అన్నాను. అందరం నవ్వాం. మా కోడలు నవ్వలేదు. సందు చివర కొట్టు గది అద్దెకు మాట్లాడుకుని, ఇంకో మిషను కొనుక్కుని, ముందుగదిని మనుషులు కూచునే గదిగా చేసుకుందామని ఆమె ఎన్నాళ్లనుంచో అనుకుంటోంది. ఆయన బస్సు ఎక్కితేనే అదంతా.

ఆ మర్నాడో, ఆ పై రోజో వ్యాను డ్రైవరే మా గుమ్మంలోకి వచ్చాడు. నలభై దాటినవాడు. చెప్పులు మెట్ల కిందే విడిచాడు. పని వెతుక్కుంటూ ఎక్కడో దూరం నుంచి వచ్చిన మనిషని మాట పలికే తీరులోనే తెలిసిపోతోంది.

"అన్నా, రేపు అక్కడ కొట్టుకోవడం కన్నా ముందే ఒక మాట అనుకుందామని వచ్చాను. నేను ఆగానన్నా. నిజంగా నీ కోసమే ఆగాను."

"నా కోసం ఎందుకయ్యా ఆగడం? నేను రమ్మన్నాను కదా!"

అతను నోరు తెరిచి మా వాడి వంక చూశాడు. "ఎప్పుడు రమ్మన్నావన్నా?"

మా వాడి ముఖం జేవురించింది. "విన్నావా అమ్మా? ఎప్పుడు రమ్మన్నానట! ఇంత పచ్చి అబద్ధం నా గుమ్మంలో నిలబడి! పో, పోవయ్యా!" అని తలుపు ధడాలున వేశాడు. టీ పెడదామని లేచినదాన్ని లేచినట్టే ఉండిపోయాను. మెట్ల కింద ఆ మనిషి చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

ఆ మధ్యాహ్నమే మా వాడు ఎన్నడూ చెయ్యని పని చేశాడు.

కందిరీగ ముందు పోతోంది. మలుపు వచ్చింది. వీడు లైటు కొట్టాడు. అది ఎప్పటిలాగే బ్రేకు తొక్కింది. టపీమని తగిలింది. ఎర్ర గుర్తు. మామూలుగా అయితే నిట్టూర్చి ఊరుకునేవాడే. ఆ రోజు పళ్లు పటపట కొరికాడు. తర్వాతి మలుపు దగ్గర వాడి కాలు బ్రేకు మీదికి పోలేదు. నేను వాడి కాలే చూస్తున్నాను. యాక్సిలరేటరు మీదే ఉంది, నేలకి ఆనేదాకా. కందిరీగ గిర్రున తిరిగి, రోడ్డు దాటి, గులకరాళ్లలో పడి వెల్లకిలా అయిపోయింది.

మిషను ఆగింది. మా కోడలు కూడా చూసింది.

పందెం అయ్యాక టీవీలోంచి గొంతు వచ్చింది. ఆ ఆటలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చని మాకు తెలుసు గానీ, మా వాడు ఎప్పుడూ మాట్లాడింది లేదు. బొంగురు గొంతు. ఆడమనిషి.

"ఏం మనిషివయ్యా నువ్వు! ఇన్నాళ్లూ కన్ను కొట్టింది చాలక, ఇవాళ తోసేశావా?"

మా వాడు అదిరిపడ్డాడు. "కన్ను కొట్టానా? నేనా?"

"ఎవరికండీ కన్ను కొట్టింది?" అంది మా కోడలు, మిషను దగ్గర్నుంచి లేచి వస్తూ.

"అబ్బే, నేనెవరికీ... అమ్మా, మీరెవరో గానీ, ఇంట్లో ఆడవాళ్లున్నారు. మాట జాగ్రత్త."

"ఇక్కడ నేనూ ఆడదాన్నే. ఆ లైట్లయ్యా, ఆ లైట్లు! మలుపు వచ్చిందంటే చాలు, వెనకాల టపటపా కొడతావు. ‘తప్పుకో, దూరిపోతున్నా’ అని కాకపోతే ఏంటది?"

"దూరడమా! ‘నువ్వు పోమ్మా, నేను ఆగుతాను’ అని కదా!"

అవతల పిల్లాడెవడో ఏడుస్తున్నాడు. "ఉండరా, వస్తున్నా" అని వాడితో అని, ఆవిడ మళ్లీ ఇటు తిరిగింది. ఈసారి గొంతులో కోపం కన్నా వింత ఎక్కువుంది.

"ఆ అర్థం నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముంది? లైటు కొట్టడమంటే అదే. అందరికీ తెలుసు."

"ఏ అందరికీ? ఇక్కడ నీ ఒక్కడికే తెలుసు. ఇక్కడ నీ పేరేంటో తెలుసా? కన్నుకొట్టే మెత్తబ్రేకు. నువ్వు వెనకాల ఉంటే నాకు చెమటలు పడతాయి. మీద పడతావేమోనని బ్రేకు తొక్కి పక్కకి పోదామని చూస్తాను."

"నేను ఆగుతుంటే నువ్వు బ్రేకు తొక్కడమేంటమ్మా? అందుకే కదా తగిలేది!"

"నువ్వు ఆగుతావని నాకేం తెలుసు? ఎప్పుడు చెప్పావు?"

మా వాడు స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇందాక తోసింది మాత్రం కావాలనే తోశానమ్మా. తప్పయింది" అన్నాడు.

"తెలుస్తూనే ఉంది. ఫిర్యాదు పెడతాను."

"పెట్టమ్మా."

ఆవిడ పెట్టింది. వీడి అక్షరం సి నుంచి ఒక్కసారిగా ఇ లో పడింది. ఈసారి మా వాడు ఎదురు ఫిర్యాదు రాయించలేదు. నేను పెట్టిన టీ ముందు పెట్టుకుని అలాగే కూచున్నాడు. మీద మీగడ కట్టింది.

"అమ్మా, నీకు అన్నీ గుర్తుంటాయి కదా. పొద్దున ఆ వ్యాను ఆయన ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా చెప్పు."

అంతవరకూ క్యాన్లవాడే. అప్పుడే ఆయన అయ్యాడు.

"‘నీ కోసమే ఆగాను’ అన్నాడు. తర్వాత ‘ఎప్పుడు రమ్మన్నావన్నా’ అన్నాడు."

"ఇంకా?"

"ఇంకా ఎక్కడ అననిచ్చావు? తలుపేశావుగా."

విచారణ రోజున కోడలికి ఊపిరి సలపనంత పని. బడులు తెరిచే వారం. అందుకని వాడి వెంట నేను వెళ్లాను. డిపో మేడ మీద పొడుగాటి వరండా, గోడ వెంట బల్లలు. విచారణ గదిలో ఫ్యాను పాడైందని తలుపు బార్లా తీసి పెట్టారు. ఒక బల్ల మీద ఈ చివర నేను, ఆ చివర వ్యాను డ్రైవరు. నన్ను చూసి లేచి నిలబడబోయాడు. కూచోమని సైగ చేశాను. మధ్యలో సెక్రటరీ కూచుని మోకాళ్లు ఊపుతూ, "ఒకటే మాట, ఒకటే మాట" అని తనలో తనే గొణుక్కుంటున్నాడు.

లోపల అధికారి గొంతు విసుగ్గా ఉంది, ఎండకి అందరి గొంతులూ ఉన్నట్టే.

"లైటు కొట్టావా?"

"కొట్టాను సార్."

"ఎందుకు?"

"రమ్మని సార్. మేమంతా అలాగే కొడతాం."

"ఊఁ. ఎదుటి బండి అతనికి ఆ సంగతి తెలుసు. అయినా రాలేదు. అంతేనా?"

సెక్రటరీ మోకాళ్లు ఆగాయి. అంతే సార్ అంటే అయిపోయేది. మా వాడు గొంతు సవరించుకోవడం వినపడింది.

"తెలిసి ఉండదు సార్."

"ఏంటి?"

"నేనొస్తున్నానని కొట్టాననుకుని ఆగి ఉంటాడు సార్. నేను రాకపోయేసరికి కదిలాడు. నేను ముందూ వెనకా చూడకుండా, ఆయన రాడనుకుని కదిలాను."

"అయితే నీ సంజ్ఞ సరైనది కాదంటావు."

"మాలో మాకు సరైనదే సార్. ఆయనకి కాదు."

సెక్రటరీ అరచేత్తో నుదురు టపటపా కొట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. వ్యాను డ్రైవరు తల వంచుకుని తన కాళ్ల వంక చూసుకుంటున్నాడు. లోపలి నుంచి తన పేరు పిలిస్తే వెంటనే లేవలేదు. పిలుస్తున్నారయ్యా అని నేను చెప్పాల్సి వచ్చింది.

తీర్పు బడులు తెరిచాక వచ్చింది. తప్పు ఇద్దరిదీ, చెరి సగం. అతనికి వ్యాను నిలిచింది. మా వాడికి సీటు నిలవలేదు. రూటు మీద బస్సు ఇవ్వరు. డిపోలో కడిగిన బస్సుల్ని షెడ్డు నుంచి వరసలోకి, వరస నుంచి షెడ్డుకి మార్చే పనిలో వేశారు. మళ్లీ ఎప్పుడు రూటు ఇస్తారంటే, చూస్తామన్నారు. గేటు దాటకూడదు. గేటు లోపల ఎంత మెత్తగా బ్రేకు వేసినా తొణకడానికి లోపల మనిషి ఉండడు.

మా కోడలి కోపం నేను ఎన్నో చూశాను గానీ, అలాంటిది చూడలేదు.

"ఆయన మనసులో ఏమనుకున్నాడో మీకెందుకండీ? అది ఆయన చెప్పుకుంటాడు కదా! మిమ్మల్ని ఎవరడిగారు?"

"అడిగాడే. సారే అడిగాడు."

"అడిగితే? అంతే సార్ అంటే నోరు నొప్పి పుడుతుందా? అది కూడా నిజమే కదా, లైటు కొట్టారు కదా! నేను ఇక్కడ రోజుకి ఎన్ని జేబులు కుడుతున్నానో ఎప్పుడైనా చూశారా? ఆ కొట్టు గది ఇవాళ వేరేవాళ్లు తీసేసుకున్నారు."

మా వాడు నావైపు చూశాడు. నేను మాత్రం ఏమంటాను? ఇద్దరి మాటా నాకు అర్థమవుతూనే ఉంది. అందుకే నోరు మెదపలేదు. వాళ్లిద్దరికీ నా మీద కూడా కోపం వచ్చింది.

ఆటలో కూడా వాడికి ఊరట దొరకలేదు. ఇ గుంపులో అందరూ గుద్దేవాళ్లే. ముందువాణ్ణి తొయ్యడం తప్ప వేరే ఆటే తెలియదు వాళ్లకి. మా వాడు లైటు కొట్టడం మానేశాడు. పక్కకి తప్పుకుని, పోయేవాళ్లందరూ పోయాక బయల్దేరేవాడు. అయినా ఎవడో ఒకడు వెనక్కి తిరిగొచ్చి మరీ గుద్దేవాడు. వీడికీ కోత. "ఇందులోంచి పైకి ఎలా పోతారే?" అని కూతుర్ని అడిగితే, "కష్టమే నాన్నా" అంది. ఆ స్టీరింగు కొట్లో తిరిగి ఇచ్చేద్దామా అంటే మాత్రం వద్దన్నాడు. రోజూ పొద్దుగూకే వేళ వచ్చి, కాళ్లు కడుక్కుని, దాని ముందు కూచుని, గుద్దించుకుని లేచేవాడు.

కొత్త పనిలో చేరిన వారానికి డిపో నుంచి ఇంకో కబురు. రూటు డ్రైవర్ల చొక్కాకి భుజం మీద ఎర్ర పట్టీ ఉంటుంది. లోపలి పనివాళ్లకి ఉండకూడదట. తీసేసి రమ్మన్నారు.

మా వాడు రెండు చొక్కాలూ తెచ్చి మిషను పక్కన పెట్టి నిలబడ్డాడు. మా కోడలు అంతకుముందు చాలా రోజులుగా వాడితో మాట్లాడటం లేదు. చేతిలో పని ఆపి, చొక్కా తీసి వెలుతురుకి పట్టుకుని చూసింది. కత్తెర మొనతో ఒక కుట్టు తెంపింది. ఇంకోటి తెంపబోతే దారం రాలేదు. రెండు వరసలు వేసి ఉంది, దగ్గర దగ్గరగా. కత్తెర పెట్టి లాగితే గుడ్డ చిరిగేలా ఉంది.

"ఇలా పట్టుకోండి" అంది. వాడు వంగి భుజం దగ్గర గుడ్డను రెండు చేతులా బిగదీసి పట్టుకున్నాడు. ఆమె సూది తీసుకుని ఒక్కొక్క కుట్టూ ఎత్తి ఎత్తి తెంపుతోంది. ఎర్ర దారం ముక్కలు ఆమె ఒళ్లో పడుతున్నాయి.

"చాలా గట్టిగా కుట్టావే" అన్నాడు వాడు.

ఆమె తల ఎత్తలేదు.

"ఊడకూడదనే కుట్టాను" అంది.